మెతుకు కానిది

మదనపల్లెలో బస్టాండుకు కొంచెం ఎడంగా ఒక షాపింగ్ కాంప్లెక్సు ఉండేది. కట్టడం ఇప్పటికీ ఉంది గానీ అందులో నాకు కావలసింది లేదు. కింద చీరల కొట్టు, కళ్ళద్దాల కొట్టు, ఒక ఫొటో స్టూడియో. పై అంతస్తులో సగం గదుల షట్టర్లు ఎత్తిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఆ షట్టర్ల మధ్యన, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు, రెండువేలు దాటిన కొత్తలో ఒక నూడుల్స్ హోటల్ వెలిసింది. ఎర్ర బోర్డు మీద పసుపుపచ్చ డ్రాగన్. బొమ్మ గీసినవాడు డ్రాగన్ను ఎన్నడూ చూసి ఉండడు, అది తొండకు రెక్కలు మొలిచినట్టుండేది. హోటల్ పెట్టినాయన మదనపల్లె మనిషే. బెంగుళూరులో కొన్నేళ్ళు చైనా వంటలు వండి, పెళ్ళి చేసుకుని సొంత ఊరికి వచ్చేశాడు. ఇంట్లో ఉర్దూ, గిరాకీతో తెలుగు, గ్యాస్ అయిపోతే రెండూ కలిపి తిట్టేవాడు.

కాలేజీ పిల్లలు తప్ప ఆ మెట్లు ఎక్కేవాళ్ళు కాదు. నేను ఎక్కేదాన్ని. నాతో పాటు పుంగనూరు నుంచి మా అమ్మ, కుప్పం నుంచి అమ్మ తమ్ముడు, మా మామ ఎక్కేవాళ్ళు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఈనాటికీ ఎక్కడైనా సోయా సాస్ పెనం మీద పడిన వాసన వస్తే నాకు ఆకలి వేయదు, ఏడుపొస్తుంది. నూడుల్స్ చూసి ఏడ్చే ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

అసలు సంగతి చెప్పాలంటే నేను పుట్టిన రోజు దగ్గరికి పోవాలి.

అమ్మ, మామ పుట్టింది సదుం దగ్గర ఒక పల్లెలో. మామ నడక నేర్చీ నేర్వకముందే మా అవ్వ పోయింది. అమ్మే తమ్ముణ్ణి పెంచింది. పెళ్ళయి పుంగనూరు వచ్చేటప్పుడు సారెతో పాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చిందని మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవాడు. మామ బడికి పోయే వయసులో నేను పుట్టాను. మా వైపు అక్క కూతురంటే తమ్ముడికి హక్కు. ఆడపిల్ల పుట్టిందని తెలియగానే ముసలోళ్ళంతా బడి నుంచి వచ్చిన మామను పట్టుకుని, "నీ పెళ్ళాం పుట్టింది, పోయి సూసుకోరా" అన్నారట. పాపం ఆ పిల్లవాడు పలక కింద పడేసి గొడ్లపాకలో దాక్కున్నాడట.

ఆ తర్వాత ఆయనే నన్ను చంకనేసుకుని తిరిగాడు. నా ముక్కు తుడిచాడు, జడ వేశాడు, సైకిల్ నేర్పుతూ నన్ను ముళ్ళకంపలో పడేసి తనే ఏడ్చాడు. నేను డిగ్రీకి వచ్చేసరికి మామ టమాటాల వ్యాపారంలో దిగి నాలుగు ఊళ్ళు తిరుగుతున్నాడు. ఇక ముహూర్తం పెట్టిద్దామని అమ్మ అన్నది. ఆమె దృష్టిలో అది అడగాల్సిన మాట కాదు, చెప్పాల్సిన మాట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామ కంచం వైపు చూస్తూ అన్నాడు: "అక్కా, దాని ముక్కు తుడిచినోణ్ణి నేను. దాని పక్కన పెండ్లికొడుకు మాదిరి కూసోలేనక్కా. నా బిడ్డ లెక్క అది."

వంటింట్లో నిలబడి వింటున్న నేను ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. నాకూ ఆయన తండ్రి లెక్కే. ఆ మాట నోరు తెరిచి చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఆయనకే ఉంది. కానీ అమ్మ చెవికి అది వేరేగా వినిపించింది. పెంచి పెద్ద చేస్తే తన కూతురు పనికిరాలేదన్నాడు, అంతే. కొన్ని నెలలకు మామ కుప్పంలో ఒక పిల్లను చేసుకుంటున్నానని చెప్పడానికి వచ్చినప్పుడు అమ్మ అప్పుడే అన్నానికి కూర్చుంది. కంచంలో అన్నం మీద చెయ్యి పెట్టింది.

"ఇదో, అన్నం మీద ఒట్టు. నీ ఇంట్లో గానీ, నీ పక్కన కూసోని గానీ అన్నం మెతుకు ముట్టను. పోరా."

మా ఇళ్ళల్లో దేవుడి మీద పెట్టుకున్న ఒట్టుకు ఏదో ఒక ముడుపు కట్టి బయటపడవచ్చు. అన్నం మీద పెట్టుకున్న ఒట్టుకు అలాంటి దారి లేదు. రోజూ కళ్ళ ముందుకు వచ్చేది అన్నమే గదా, రోజూ గుర్తుచేస్తుంది. అమ్మ మామ పెళ్ళికి పోలేదు. తర్వాత నాకు మదనపల్లెలో సంబంధం కుదిరింది, మంచి మనిషే. పెళ్ళిపందిట్లో మామ మేనమామ చేయాల్సినవన్నీ చేశాడు. నన్ను బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చాడు. పంక్తి భోజనాల వేళకు మాత్రం ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు అమ్మ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా పెళ్ళి ఆగిపోయిందని పెట్టుకున్న ఒట్టు, నా పెళ్ళయిపోయినా నిలబడే ఉంది.

"ఇంకా యాలమ్మా ఆ ఒట్టు? తీసి గట్టున పెట్టు" అన్నాను ఒకసారి.

"నీకు పెండ్లయింది. నా మాట మాత్రం అట్లే ఉండాది" అన్నది.

మామ వారానికోసారి మదనపల్లె టమాటా మార్కెట్‌కు వచ్చేవాడు. ఇక్కడ కొన్న సరుకును కుప్పం మీదుగా తమిళనాడు వైపు పంపే పని ఆయనది. పొద్దున్నే వేలం అయిపోయాక మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ మొదట అడిగే మాట, "అక్క ఎట్లుండాది?" గ్లాసు ఖాళీ అయినా పట్టుకుని కూర్చునేవాడు. ఆయన చొక్కాకు పచ్చి టమాటా ఆకు వాసన.

ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలని నిశ్చయించుకున్నాను. మా ఇంట్లో కుదరదు. భోజనం వేళకు కూతురి ఇంట్లో అన్నం పెట్టకుండా ఎలా? బస్టాండు దగ్గర హోటళ్ళలో అంతకన్నా కుదరదు. రామసముద్రం వాడో కురబలకోట వాడో, మా చుట్టం ఒకడు అక్కడ కాఫీ తాగుతూనే ఉంటాడు. అక్కాతమ్ముళ్ళు కలిశారన్న వార్త మా బస్సు కన్నా ముందే పల్లెకు చేరుతుంది. ఇక అమ్మ పంతం రెట్టింపవుతుంది. మా వాళ్ళెవరూ తొంగి కూడా చూడని చోటు ఊరు మొత్తం మీద ఆ రెక్కల తొండ హోటలొక్కటే.

అమ్మకు కళ్ళద్దాలు మార్పించాలని చెప్పి కాంప్లెక్సుకు తీసుకొచ్చాను. అద్దాల కొట్టులో పని అయ్యాక, కాళ్ళు నొప్పులంటున్న మనిషిని పైకెక్కించి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపటికి మామ మెట్లెక్కి వచ్చాడు. అమ్మ ఆయన్ను చూసింది. నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయకపోవడమే మంచిది. లేచి పోతుందనుకున్నాను. పోలేదు. కొత్త అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుని గోడ మీద అంటించిన చైనా కొండల బొమ్మను చూస్తూ కూర్చుంది.

నేనే మూడు ప్లేట్లు చెప్పాను. పొగలు కక్కుతూ వచ్చాయి. క్యారెట్టు, క్యాబేజీ, పైన సన్నగా తరిగిన ఉల్లికాడలు. అమ్మ పుంగనూరులో పొద్దున బయలుదేరిన మనిషి, కడుపులో ఏమీ లేదు. ప్లేటు వంక చాలాసేపు అనుమానంగా చూసింది.

"ఏమే ఇది? సేమ్యానా?"

"నూడుల్సమ్మా."

అమ్మ నన్ను నమ్మలేదు. పెనం దగ్గర ఉన్న హోటలాయన్ను పిలిచింది. "నాయనా, ఇందులో బియ్యం ఏమైనా ఉండాయా?"

ఆయన గరిట పట్టుకునే వచ్చాడు. "బియ్యం యాడివమ్మా? అంతా మైదానే. అన్నం కావాలంటే ఫ్రైడ్ రైస్ చేసిస్తా."

"వద్దు వద్దు" అని అమ్మ చేతులూపేసింది, ఆయన విషం తెచ్చిస్తానన్నట్టు. తర్వాత ప్లేటు దగ్గరికి జరుపుకుంది. ఆమె మనసులో జరుగుతున్న వాదోపవాదాలు నాకు మొహంలో కనిపిస్తూనే ఉన్నాయి. తను ఒట్టు పెట్టుకుంది మెతుకు మీద. ఇది మెతుకు కాదు. తమ్ముడి ఇల్లు కాదు. ఇడ్లీ అయితే బియ్యం, దోసె అయితే బియ్యం, సంగటిలో కూడా నూకలుంటాయి. దీనికి మన దేశంలో చుట్టం లేదు, పక్కం లేదు. దీని మీద ఎవరూ ఎప్పుడూ ఒట్టు పెట్టుకుని ఉండరు.

"ఇది మెతుకు కాదులేమ్మా. దారం ఉండ. తిను" అన్నాను.

అమ్మ తినింది. ఫోర్కు మాకెవరికీ చేతకాలేదు. చేత్తోనే కలుపుకున్నాం. పొడుగాటి పోగు ఒకటి అమ్మ గడ్డం కింద వేలాడుతుంటే మామ ఆపుకోలేక నవ్వాడు. అన్నేళ్ళ తర్వాత అక్క ముందర ఆయన నవ్విన మొదటి నవ్వు. అమ్మ కోపంగా చూడబోయి, చూడలేక, "నీ మూతికి సూసుకో ముందు" అన్నది. మామకు కళ్ళ నిండా నీళ్ళు. వెనిగర్లో నానిన పచ్చిమిరపకాయ కొరికానని చెప్పాడు. అది ఆయన ప్లేటు అంచున ఉన్నది ఉన్నట్టే ఉంది.

అక్కడి నుంచి అది అలవాటయింది. మామ మార్కెట్‌కు వచ్చే రోజుల్లో అమ్మ ఏదో ఒక పని కల్పించుకుని పుంగనూరు బస్సెక్కేది. మందులంటుంది, రవిక కుట్టిచ్చినానంటుంది. కొన్నాళ్ళకు సాకులు చెప్పడం కూడా మానేసింది. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి మధ్యాహ్నం సెలవు గంటలో పరుగున వచ్చేసరికి ఇద్దరూ గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. మామ పిల్లల కోసం అమ్మ శనక్కాయ ఉండలు చేసి తెచ్చేది. మురుకులు తెచ్చేది కాదు, అందులో బియ్యప్పిండి ఉంటుంది. చట్టం ఎంత గట్టిగా ఉండేదో చూడండి! పక్క బల్ల మీదికి ఫ్రైడ్ రైస్ వస్తే అమ్మ కుర్చీ ఇటు తిప్పుకునేది. బిల్లు మామను కట్టనిచ్చేది కాదు, నాచేతే కట్టించేది.

ఆ రోజుల్లో నాకు ఎంత గర్వమో చెప్పలేను. ముసలోళ్ళంతా చేయలేని రాజీ నేను ఒక ప్లేటు మైదాతో చేశాను గదా అనుకునేదాన్ని.

మామకు మాత్రం అది చాలలేదు. చాలదని ఆయన మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

"అక్కా, ఇల్లు కట్టుకున్న్యాను. గృహప్రవేశానికీ రాకపోతివి. ఒక్కసారి కుప్పం రా. నా ఇంట్లో ఇంత అన్నం తినిపో."

"ఈడ తింటాండాం గదరా. ఆడికొచ్చి తింటే నాకేమన్నా కొమ్ములొస్తాయా?"

"ఇది తిండి కాదక్కా."

"మల్ల యాల తింటాండావు? మూసుకోని తిను."

ఇలాగే తేలిపోయేది. మామ మొహం చిన్నబోయేది, అమ్మ ప్లేటులోంచి తనకిష్టం లేని క్యాప్సికం ముక్కలు ఏరి తమ్ముడి ప్లేటులో వేసేది. ఆయన వాటిని తినేవాడు. చూసేవాళ్ళకు ఇంతకన్నా అన్యోన్యమైన అక్కాతమ్ముళ్ళు లేరు. నాకూ అలాగే అనిపించింది.

ఒక ఎండాకాలంలో మామ ప్లేటులో నూడుల్స్ మిగలడం మొదలైంది. మొదట కొంచెం, తర్వాత సగం. బాగా నమిలేవాడు, నీళ్ళు తాగేవాడు, మళ్ళీ నమిలేవాడు. అమ్మ ఎగతాళి చేసింది: "సేమ్యా కూడా దిగదా నీకు? అంత సుకమారి అయిపోతివే." మామ నవ్వి సూపు తెప్పించుకున్నాడు. తర్వాతి వారాల్లో సూపు ఒక్కటే. గొంతు ఎండల వల్ల పట్టేసిందన్నాడు. చొక్కా మెడ వదులైంది. మెట్లెక్కి వచ్చి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి తీసుకునేవాడు. అమ్మ నవ్వడం మానేసింది గానీ అడగడానికి భయపడింది. నేనూ భయపడ్డాను. హోటలాయన మాత్రం ఒక రోజు బల్ల తుడుస్తూ ఆగి, "అన్నా, డాక్టరుకు చూపించు. ఇది ఎండ కాదు" అన్నాడు.

బెంగుళూరులో చూపించారు. అన్నం దిగే గొట్టంలో గడ్డ. చేయి దాటిపోయిందని చెప్పారు. ఫోనులో మామ భార్య, మా అత్త, నాతో చెబుతుంటే, వెనకాల మామ "అక్కకు ఇప్పుడే సెప్పొద్దను" అంటున్నది నాకు వినిపించింది.

చెప్పకుండా ఎలా ఉంటాను? పుంగనూరు వెళ్ళి చెప్పాను. అమ్మ ఆవు దగ్గర పాలు పిండుతోంది. ఆపలేదు. పిండడం అయ్యాక చెంబు పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆ రోజే కుప్పం బయలుదేరుతుందనుకున్నాను. బయలుదేరలేదు.

"మార్కెట్‌కు వస్తాడు గదా, ఆడనే సూస్తాను" అన్నది.

"ఇంక రాడమ్మా. మంచం మింద ఉండాడు."

"వస్తాడు. వానికి ఆ సేమ్యా అంటే ఇష్టం" అన్నది. ఒట్టు కాదు ఇప్పుడు అడ్డం, నాకు తెలుసు. కుప్పం పోతే తమ్ముడి జబ్బు నిజం అయిపోతుంది. రెక్కల తొండ బోర్డు కింద అయితే తమ్ముడు ఎప్పటికైనా మెట్లెక్కి వస్తాడు. మనిషి ఎన్ని రకాలుగా తనను తాను మభ్యపెట్టుకోగలడో మా అమ్మను చూసి తెలుసుకున్నాను.

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. మామ రాలేదు. అప్పుడు అమ్మ మదనపల్లె వచ్చి, తనే ఆ మెట్లెక్కి, నూడుల్స్ పార్శిల్ కట్టించింది. మెత్తగా ఉడికించమని, కారం వద్దని హోటలాయనకు చెప్పింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పోయి ఇచ్చిరాపో, పాపా. అక్క పంపించిందను."

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, ఆ తర్వాత కుప్పం. అన్ని బస్సులు మారి నేను చేరేసరికి ఆ నూడుల్స్ గడ్డకట్టి, పొట్లం ఆకారంలో బిగుసుకుపోయాయి. మామ ముందు గది మంచం మీద ఉన్నాడు. సగం మనిషి అయిపోయాడు. కవరు చూడగానే గుర్తుపట్టాడు. గొంతు గుసగుసగా మాత్రమే వస్తోంది.

"అక్క రాలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

అత్త ఆ ముద్దను వేడినీళ్ళలో వేసి విడదీసి, గిన్నెలో తెచ్చింది. మామ ఒక పోగు నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు ఉంచుకున్నాడు. తర్వాత పక్కకు తిరిగి గుడ్డలో ఊసేశాడు. గిన్నె అత్తకు ఇచ్చేస్తూ, "పారెయ్యొద్దు, పిల్లోళ్ళకు పెట్టు. అక్క పంపించింది" అన్నాడు. నన్ను అన్నం తిని వెళ్ళమన్నాడు. అత్త నన్ను వెనక వసారాలోకి తీసుకుపోయింది. ఆయన అన్నం ముట్టలేకపోయిన నాటి నుంచి ఇంట్లో అందరూ అక్కడే, ఆయనకు కనబడకుండా తింటున్నారట. పోపు వాసన ఆయన దాకా పోకుండా తలుపు కూడా వేస్తుంది. నేను తిన్నానో లేదో నాకు గుర్తు లేదు.

పుంగనూరులో దిగి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"తిన్న్యాడా?"

తిన్నాడని చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆమె మొహం చూశాక అబద్ధం రాలేదు. "లేదమ్మా. గంజి కూడా దిగల్యా. ముక్కులోనుంచి గొట్టం ఏస్తారంట. నువ్వు వచ్చినావేమోనని నా ఎనకాల సూసినాడు."

మర్నాడు పొద్దున అమ్మ ఆవులను ఆ పూటకు పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని, మొదటి బస్సుకే నాతో బయలుదేరింది. ఆ ఇల్లు ఆమె ఎన్నడూ చూడలేదు. వీధి మొదట్లో దిగాక నేనే ముందు నడిచాను.

మేము వెళ్ళేసరికి మామకు గొట్టం వేసేశారు. ముక్కు దగ్గర ప్లాస్టరు అంటించి ఉంది. అత్త సిరంజితో ఏదో తెల్లటి ద్రవం పోస్తోంది. అమ్మ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికొచ్చి, పెరట్లోకి వెళ్ళి కాళ్ళు చేతులు కడుక్కుంది. మంచం పక్కన నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంది. మామ వైపు చూడకుండా అత్తతో అన్నది:

"అమ్మా, ఆకలేస్తాండాది. అన్నం పెట్టు."

అత్త అలాగే నిలబడిపోయింది. సిరంజి ఎక్కడ పెట్టాలో తెలియలేదు ఆమెకు. "వసారాలో పెడతాను వదినా" అన్నది మెల్లగా, మామ వైపు కళ్ళతో సైగ చేస్తూ.

"ఆడ యాల? వాని పక్కననే పెట్టు."

మామ చెయ్యి కొంచెం లేపి, పెట్టు అన్నట్టు ఊపాడు. అత్త కంచం తెచ్చింది. అన్నం, పప్పు, ఇంత నెయ్యి. ఈ ఇంటి ఆడపడుచు ఆమె చేతి వంట తినడం ఇదే మొదటిసారి.

అమ్మ కలుపుకుంది. చిన్న ముద్ద చేసింది. చేసిన ముద్ద ఆమె నోటి దగ్గరికి పోలేదు. చెయ్యి తనంతట తనే మంచం వైపు, మామ మొహం దగ్గరికి పోయింది. నేను వెనక నిలబడి ఉన్నాను. అమ్మ వీపు, గాలిలో ఆగిపోయిన ఆ చెయ్యి మాత్రమే నాకు కనిపించాయి. ఎంతసేపు ఆగిందో. తర్వాత ఆ ముద్దను వెనక్కి తెచ్చి తను తిన్నది. ఆ తర్వాత మరొకటి. మామ దిండు మీద తల పక్కకు తిప్పి ప్రతి ముద్దా చూస్తున్నాడు. ఆయన కళ్ళలో అసూయ లేదు, ఆకలి కూడా లేదు. బిడ్డ తింటుంటే చూసే తల్లుల మొహం ఉంటుంది చూడండి, అది ఉంది.

కంచం ఖాళీ కాబోతుంటే ఆయన అత్తకు వేలు చూపించాడు. మారు పెట్టమని. అమ్మకు ఆకలి లేదు. అయినా కంచం ముందుకు జరిపింది. "పెట్టమ్మా, బాగుండాది. ఇంకొంచెం పెట్టు" అన్నది. అత్త పెట్టింది. అమ్మ మెతుకు వదలకుండా తిన్నది. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నేను వెళ్ళబోతే అత్త ఆపింది.

సాయంత్రం బయలుదేరాం. ఆవులున్నాయి గనక ఉండిపోవడానికి లేదు. వస్తానని, వారం లోపల మళ్ళీ వస్తానని తమ్ముడి తల మీద చెయ్యి వేసి చెప్పింది. ఆ వారం మామకు మిగల్లేదు. అది మాకు అప్పుడు తెలియదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది అమ్మ. వి.కోట దాకా కళ్ళు మూసుకునే ఉంది, నిద్రపోయిందనుకున్నాను. బస్సు ఆగి, దిగేవాళ్ళు దిగాక, కళ్ళు తెరవకుండానే అన్నది:

"ఆ సేమ్యా కొట్టు లేకుంటే ఎప్పుడో వచ్చుందును పాపా. ఎన్నాళ్ళని తమ్ముణ్ణి సూడకుండా ఉంటాను? పౌరుషం సచ్చి నేనే వచ్చుందును. ఆడ సూస్తానే ఉంటిని గదా, ఈడికి రావల్సిన పని లేకపాయ."

నన్ను నిందించడం లేదు, నాకు తెలుసు. అయినా ఆ మాట నాకే తగిలింది. మాకు ముందుచూపు లేక కాదు, తెలివి ఎక్కువై ఒక సందు కనిపెట్టాం. ఆ సందులోనే ఆ ఏళ్ళన్నీ గడిపేశాం. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కడుక్కున్నా ఆ చేతికి ఇంకా నెయ్యి వాసన ఉంది.

"పోనీలేమ్మా. తిన్న్యావు గదా. ఆయప్ప సంతోషపడినాడు" అన్నాను.

అమ్మ కళ్ళు తెరిచింది. నా వైపు తిరిగింది. తన చెయ్యి నా చేతిలోంచి తీసుకుని వేళ్ళు దగ్గరికి చేర్చి, ముద్ద పట్టుకున్నట్టు నాకు చూపించింది.

"నేను మర్సిపోయి ఇట్ల పెట్టబోయినాను సూడు," అన్నది, "వాడు నోరు తెరిసినాడు పాపా."